కృష్ణా బోర్డు ఆఫీసు హైదరాబాద్ నుంచి ఆంధ్రకు వస్తే ఎవరికేం ఒరుగుతుంది?

దివిసీమ కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది నాగాయలంక పక్కన పల్లెటూరు, కృష్ణా డెల్టా కాలువలకు చిట్టచివర. పై ఊళ్లవాళ్లందరూ తడుపుకున్నాక ఏమైనా మిగిలితే మా చేలకు వస్తుంది. అందుకే నీళ్ల వార్త ఏదొచ్చినా మా నాన్న పేపరు రెండుసార్లు చదువుతాడు, ఆ తర్వాత నాకు ఫోన్ చేసి ప్రశ్నలు వేస్తాడు. ఈసారి అడిగినదానికి నా దగ్గర సరైన జవాబు లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

విషయం ఏంటంటే, కృష్ణా బోర్డు అనేది రెండు రాష్ట్రాల మధ్య కృష్ణా నీళ్ల పంపకం చూసే సంస్థ. 2014 విభజన చట్టం 85వ సెక్షన్‌లో చాలా స్పష్టంగా రాసి ఉంది, గోదావరి బోర్డు ప్రధాన కార్యాలయం తెలంగాణలో, కృష్ణా బోర్డుది ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలని. అయినా కృష్ణా బోర్డు హైదరాబాద్ ఎర్రమంజిల్ జలసౌధలోనే కూర్చుంది. 2020 అక్టోబర్‌లో అపెక్స్ కౌన్సిల్‌లో, అంటే ఈ బోర్డుల పైన కేంద్ర మంత్రి అధ్యక్షతన ఉండే మండలిలో, ఇద్దరు ముఖ్యమంత్రుల ముందే తరలించాలని అనుకున్నారు. అప్పటి ఆంధ్ర ప్రభుత్వం వైజాగ్‌లో పెట్టమంది, బోర్డు వాళ్లు వెళ్లి బిల్డింగులు కూడా చూసొచ్చారు. తర్వాత ఆఫీసు కదల్లేదు. మళ్లీ 2025 జులైలో ఢిల్లీలో కేంద్ర మంత్రి సి.ఆర్. పాటిల్ దగ్గర చంద్రబాబు, రేవంత్ రెడ్డి కూర్చున్నప్పుడు కూడా అదే మాట, కృష్ణా బోర్డు ఆంధ్రకు, గోదావరి బోర్డు తెలంగాణకు అని. చట్టంలో ఉన్నదాన్ని పదకొండేళ్ల తర్వాత మళ్లీ కొత్తగా ఒప్పుకున్నారన్నమాట!

మా నాన్న ప్రశ్న సింపుల్. "ఆఫీసు బెజవాడ వస్తే మన కాలువకు నీళ్లు ముందొస్తాయా?" నేను అదేం ఉండదు నాన్నా అన్నాను. "మరి దేనికిరా ఇంత గొడవ?" అన్నాడు.

అసలు ఒక సర్కారీ సంస్థ హెడ్డాఫీసు రాజధాని నుంచి ఇంకో ఊరికి మారిస్తే ఏం మారుతుంది, ఏం మారదు? పెట్టాల్సి వస్తే విజయవాడా, కర్నూలా, ఇంకెక్కడైనా? ఉద్యోగులు నిజంగా వస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ దయచేసి వద్దు, దానికి వేరే చోట్లు చాలానే ఉన్నాయి.

కొండారెడ్డి బురుజు:

తమ్ముడూ, బెజవాడ అని నువ్వే డిసైడ్ అయిపోయి అడుగుతున్నావు చూడు, మా బాధ అక్కడే మొదలవుతుంది.

కృష్ణా ఆంధ్రలో అడుగుపెట్టేది మా ఉమ్మడి కర్నూలు జిల్లా నుంచి. తుంగభద్ర కలిసేది మా సంగమేశ్వరం దగ్గర. సుంకేశుల బ్యారేజీ మాది, శ్రీశైలం నీళ్లు సీమకు తీసుకెళ్లే పోతిరెడ్డిపాడు మాది, శ్రీశైలం కోసం ఊళ్లకు ఊళ్లు నీళ్లలో వదిలేసి లేచిపోయింది మావాళ్లు. రెండు రాష్ట్రాల మధ్య ఏ తగాదా తీసుకున్నా, అది శ్రీశైలంలో ఎన్ని అడుగుల దగ్గర ఎవరు ఎంత తోడుకున్నారనే దగ్గరికే వస్తుంది. 854 అడుగుల కింద నీళ్లుంటే మాకు సరిగా పారదు, తెలంగాణ వైపు కరెంటు కోసం నీళ్లు కిందికి వదిలేస్తుంటే మేం చూస్తూ కూర్చోవాలి. ఇంత జరిగే చోటు వదిలేసి వైజాగ్ అన్నారు. వైజాగ్‌కీ కృష్ణానదికీ ఏం సంబంధమో ఇప్పటికీ నాకు ఎవరూ చెప్పలేదు. బీచ్ బాగుంటుంది, ఆఫీసర్లకు నచ్చుతుంది, అంతేగా?

1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు, రాజధానో హైకోర్టో ఏదో ఒకటి సీమలో పెడతామని. 1953లో కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. మూడేళ్లు తిరిగేసరికి రెండూ ఎత్తి హైదరాబాద్‌లో పెట్టారు. ఆ సంగతి మా తాతలు చెబుతూ పోయారు, మేమూ చెబుతూ పోతాం. అందుకే ఏ ఆఫీసు కదులుతుందన్నా మాకు ముందు ఆశ, వెంటనే అనుమానం.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, కొన్ని వచ్చాయి. లోకాయుక్త, మానవ హక్కుల కమిషన్ 2021లో ఇక్కడికి వచ్చాయి. ఈఆర్సీ, అంటే కరెంటు చార్జీలు తేల్చే విద్యుత్ నియంత్రణ మండలి, హైదరాబాద్ సింగరేణి భవన్‌లో ఉండేది, ఇప్పుడు మా దిన్నెదేవరపాడు రోడ్డులో సబ్‌స్టేషన్ పక్కన సొంత బిల్డింగ్‌లో ఉంది. ప్రభుత్వం మారాక 2024లో లోకాయుక్తనీ హక్కుల కమిషన్‌నీ మళ్లీ అమరావతి తీసుకుపోతారని వార్తలొస్తే ఇక్కడ పెద్ద గోల అయింది, ఆ తర్వాత అవి ఎక్కడికీ పోవని సర్కారే చెప్పింది. దాన్నిబట్టి తెలుసుకోవాల్సింది ఏంటంటే, వచ్చిన ఆఫీసు నిలబడుతుందని కూడా గ్యారంటీ లేదు, ప్రతి ఎన్నికకీ ఒకసారి గుండె పట్టుకోవాలి.

వీటివల్ల కర్నూలు మారిపోయిందా అంటే లేదు. ఆ రోడ్డులో రెండు టీ బంకులు, ఒక జిరాక్స్ షాపు పెరిగాయి. కానీ కరెంటు చార్జీల మీద అభ్యంతరం చెప్పుకునే రైతు పొద్దున బస్సెక్కి మధ్యాహ్నానికి ఇంటికి పోగలుగుతున్నాడు, అది చిన్న విషయం కాదు. కృష్ణా బోర్డు కూడా కర్నూలులోనే ఉండాలి అనేది నా మాట.

రిటైర్డ్ ఈఈ, ఎన్‌ఎస్‌పీ:

బాబూ దివిసీమా, మీ నాన్నగారు అడిగింది అక్షరాలా సరైన ప్రశ్న. సర్వీసంతా నీటిపారుదల శాఖలోనే గడిచింది కాబట్టి తెలిసినంత చెబుతాను.

ముందు బోర్డు అంటే ఏంటో తెలియాలి. కేంద్రం పంపిన చైర్మన్, సభ్య కార్యదర్శి, కొంతమంది కేంద్ర జల సంఘం ఇంజనీర్లు, మిగతా అంతా రెండు రాష్ట్రాల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు. నీళ్లు ఎలా వదులుతారంటే, ప్రతి రాష్ట్రం తనకు ఫలానా నెలలకు ఇన్ని టీఎంసీలు కావాలని ఇండెంట్ పెడుతుంది. బోర్డు సభ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల ఇద్దరు ఈఎన్‌సీలు (ఇంజనీర్-ఇన్-చీఫ్‌లు) కలిసిన త్రిసభ్య కమిటీ కూర్చుని రిజర్వాయర్లలో ఎంతుంది, తాగునీటికి ఎంత పక్కన పెట్టాలి, ఇప్పటికి ఎవరు ఎంత వాడారు అని లెక్క చూసి రిలీజ్ ఆర్డర్ ఇస్తుంది. ఆ లెక్కకు పునాది 811 టీఎంసీల్లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని 2015లో చేసుకున్న తాత్కాలిక సర్దుబాటు. అది ఏటా పొడిగిస్తూ వచ్చారు, తెలంగాణ తన వాటా పెంచాలంటోంది.

ఇప్పుడు చూడండి, ఇందులో ఆఫీసు ఏ ఊళ్లో ఉందనేది ఎక్కడైనా తగిలిందా? ఇండెంటు మెయిల్‌లో వస్తుంది, మీటింగులు సగం వీడియోలోనే జరుగుతాయి. గేట్లు ఎవరి చేతిలో ఉన్నాయి, పవర్ హౌస్ బటన్ ఎవరు నొక్కుతారు, అసలు సంగతి అది. శ్రీశైలం కుడి గట్టు పవర్ హౌస్ ఆంధ్రది, ఎడమ గట్టుది తెలంగాణది. 2021 జులైలో పైన కరెంటు తీస్తుంటే ఆపమని బోర్డు జలసౌధ నుంచి లేఖ రాసింది. ఆగలేదు. పులిచింతల నిండి ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తి సముద్రంలోకి వదిలేశారు, మీ నాన్నగారు చూసే ఉంటారు. ఆ రోజు బోర్డు విజయవాడ గవర్నర్‌పేటలో ఉన్నా అదే లేఖ, అదే ఫలితం. 2023 నవంబర్ 30 సంగతి కూడా అంతే. తెలంగాణలో పోలింగ్ రోజు తెల్లవారుజామున ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యామ్ మీదికి వెళ్లి 26 గేట్లలో 13 తమ అదుపులోకి తీసుకుని కుడి కాలువకు నీళ్లు వదిలారు. కేంద్రం సీఆర్పీఎఫ్‌ను దింపాల్సి వచ్చింది గానీ బోర్డు మాట మీద ఎవరూ ఆగలేదు.

బోర్డుకు అధికారం ఇవ్వాలని ప్రయత్నం జరగలేదని కాదు. 2021 జులై 15న కేంద్రం గెజిట్ ఇచ్చింది, అక్టోబర్ 14 నుంచి ప్రాజెక్టులు బోర్డు చేతికి పోవాలి, ఒక్కో రాష్ట్రం ఒక్కో బోర్డుకు 200 కోట్లు డిపాజిట్ చేయాలి. ఆ డబ్బూ రాలేదు, ప్రాజెక్టులూ అప్పజెప్పలేదు. జీతాలకూ ఖర్చులకూ రెండు రాష్ట్రాల మొహం చూసే సంస్థ ఎవరినైనా గట్టిగా ఎలా అడుగుతుంది చెప్పండి.

మరి ఆంధ్రవాళ్లు తరలింపు కోసం ఎందుకు పట్టుబడతారంటే, జలసౌధలోనే తెలంగాణ ఈఎన్‌సీ ఆఫీసు ఉంది. ఒకే ప్రాంగణం, ఒకే క్యాంటీన్. ఏదైనా తేడా వస్తే "అక్కడ కూర్చుని వాళ్లకే వంత పాడుతున్నారు" అనే మాట వస్తుంది. నిజమో కాదో నేను చెప్పను, ఆ అనుమానం ఉండటమే బోర్డుకు నష్టం. విజయవాడ పోతే ఇదే అనుమానం అటు వైపు పుడుతుంది, తేడా ఏం లేదు. చట్టం రాసినవాళ్లు ఒక బోర్డు ఇటు ఒక బోర్డు అటు అన్నది ఆ బ్యాలెన్స్ కోసమేననుకుంటాను.

కర్నూలు మిత్రుడికి ఒక మాట. డ్యాములకు దగ్గరే ముఖ్యం అంటే లెక్క మీరనుకున్నట్టు రాదు. సాగర్‌కు విజయవాడ నుంచి గుంటూరు, మాచర్ల మీదుగా పోవడం కంటే హైదరాబాద్ నుంచే తొందరగా పోవచ్చు. శ్రీశైలానికీ అంతే, విజయవాడ కంటే హైదరాబాదే దగ్గర. దగ్గర అనేది గట్టి వాదన కాదు. చట్టంలో ఉంది కాబట్టి రావాలి, అదొక్కటి చాలు. టెలిమెట్రీ యంత్రాలు అన్ని పాయింట్ల దగ్గరా పెడతామని 2025 జులైలో అదే మీటింగ్‌లో ఒప్పుకున్నారు, నాకు ఆఫీసు కంటే ఆ ఒక్క వాక్యం ఎక్కువ. ఎవరు ఎంత తోడారో కంప్యూటర్‌లో అందరికీ ఒకే అంకె కనిపిస్తే సగం పంచాయితీ అక్కడే తేలుతుంది.

వెలగపూడి బస్సు:

ఉద్యోగులు నిజంగా వస్తారా అని అడిగారు కదా, ఆ ముక్కకు నేను చెబుతాను, 2016లో హైదరాబాద్ నుంచి కదిలిన బ్యాచ్ నాది. సచివాలయం మనిషిని, ఏ శాఖో అడక్కండి.

మాకు ప్రభుత్వం చాలానే ఇచ్చింది, అబద్ధం చెప్పకూడదు. వారానికి ఐదు రోజుల పని, హైదరాబాద్‌లో వచ్చే 30 శాతం హెచ్‌ఆర్‌ఏ అలాగే, నంబూరు వైపు అపార్ట్‌మెంట్లలో ఉచిత వసతి, విజయవాడ నుంచి సికింద్రాబాద్‌కు ఇంటర్‌సిటీ రైలు. ఆ రైలు మాకోసమే వేశారని అందరూ అనేవాళ్లు. శుక్రవారం మధ్యాహ్నం మూడైతే చాలు సచివాలయం బ్లాకుల్లో కుర్చీల పక్కన బ్యాగులు కనిపించేవి, ఫైలు పట్టుకుని ఎవరైనా వస్తే "సోమవారం చూద్దాం సార్". రైల్లో ఒకే బోగీలో మూడు శాఖల సెక్షన్ ఆఫీసర్లు, పులిహోర పొట్లాలు, ఎవరి పిల్లలు ఏ కాలేజీ అనే కబుర్లు. మనిషి వెలగపూడిలో, కాపురం కూకట్‌పల్లిలో. అలా ఏళ్లు గడిపినవాళ్లు ఉన్నారు, కొందరు అలాగే రిటైర్ కూడా అయ్యారు.

కారణం జీతం కాదు, పిల్లల చదువు. మా పెద్దమ్మాయి అప్పుడు ఇంటర్‌లో చేరింది, కాలేజీ వాళ్లు కట్టిన ఫీజు రూపాయి వెనక్కి ఇవ్వమన్నారు, మధ్యలో టీసీ అడిగితే నెల రోజులు తిప్పారు. దానికంటే పెద్ద టెన్షన్ స్థానికత. వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్, కాబట్టి హైదరాబాద్‌లో చదివిన మా పిల్లలు ఆంధ్రలో నాన్ లోకల్ అయ్యేవాళ్లు, ఇంజనీరింగ్ సీటూ ఉద్యోగమూ రెండూ డౌటే. ఉద్యోగ సంఘాలు పట్టుబడితే రాజ్యాంగం 371-డి అధికరణ కింద ఉన్న రాష్ట్రపతి ఉత్తర్వులు సవరించి, విభజన నాటి నుంచి మూడేళ్లలోపు వచ్చినవాళ్లకు లోకల్ హోదా ఇచ్చారు, ఆ గడువు తర్వాత పొడిగిస్తూ పోయారు. అది వచ్చాకే సగం కుటుంబాలు కదిలాయి. మేం కూడా. ఇక్కడ ఎన్ని వాదనలు చేసినా ఆఫీసు తరలింపు అంటే చివరికి ఈ సర్టిఫికెట్ సంగతి దగ్గరే ఆగుతుంది.

ఇంకో మాట. కృష్ణా బోర్డుది చిన్న ఆఫీసు, సచివాలయంతో పోలిస్తే లెక్కలోకి రాదు. అందులో ఆంధ్ర నుంచి డిప్యుటేషన్ మీద ఉన్నవాళ్లు సంతోషంగా వస్తారేమో. తెలంగాణ నుంచి ఉన్నవాళ్లు మాత్రం ఎందుకొస్తారు? డిప్యుటేషన్ రద్దు చేసుకుని మాతృశాఖకు పోతారు. అప్పుడు ఆ సీట్లలో ఎవరు? ఈఈ గారు చెప్పిన బ్యాలెన్స్ కాగితం మీద ఉంటుంది, కుర్చీలో మనిషి ఉండడు.

డెన్వర్ తెలుగోడు:

వెలగపూడి సార్ చెప్పింది చదువుతుంటే మా రాష్ట్రంలో జరిగిన కథే గుర్తొస్తోంది. నేను కొలరాడోలో ఉంటాను, ఇక్కడ ఇది పెద్ద వార్త అప్పట్లో.

అమెరికాలో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అని ఒక సంస్థ ఉంది, ప్రభుత్వ భూములు చూసుకుంటుంది. దాని చేతిలో 24.5 కోట్ల ఎకరాలు, అంటే ఆంధ్రప్రదేశ్ లాంటివి ఆరు. ఆ భూమి దాదాపు అంతా పడమటి రాష్ట్రాల్లో, హెడ్డాఫీసు మాత్రం వాషింగ్టన్‌లో. "భూమి ఇక్కడ, పెత్తనం అక్కడా?" అనేది పడమటివాళ్ల పాత ఫిర్యాదు. వినడానికి చాలా న్యాయంగా ఉంటుంది, కర్నూలు అన్న మాట లాగే. 2019 జులైలో ట్రంప్ ప్రభుత్వం, అప్పటి ఇంటీరియర్ మంత్రి డేవిడ్ బెర్న్‌హార్ట్, హెడ్డాఫీసును మా కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్‌కు మారుస్తామని ప్రకటించారు. డెన్వర్ నుంచి కొండల్లో నాలుగు గంటల డ్రైవ్, పీచ్ పళ్లకు పేరున్న చిన్న ఊరు. మా సెనేటర్ కోరీ గార్డ్‌నర్ దీనికోసం బాగా తిరిగాడు, ఆయనకు మరుసటి ఏడాది ఎన్నికలు కూడా ఉన్నాయి లెండి.

ఏమైందో చూడండి. వాషింగ్టన్ నుంచి కదిలించాలనుకున్న పోస్టులు 328. అందులో 287 మంది రిటైరయ్యారు, లేదా వేరే ఉద్యోగం చూసుకున్నారు. పడమటికి వచ్చింది 41 మంది. వాళ్లలో గ్రాండ్ జంక్షన్‌కు, అంటే అసలు హెడ్డాఫీసుకు, వచ్చింది ముగ్గురు. ముగ్గురంటే ముగ్గురే! ఆ ఆఫీసు అద్దెకు తీసుకున్న బిల్డింగ్‌లోనే చమురు కంపెనీల ఆఫీసులు కూడా ఉన్నాయి, ఆ భూముల్లో తవ్వకాలకు అనుమతులిచ్చేది ఈ సంస్థే. జలసౌధలో ఒకే క్యాంటీన్ గురించి ఈఈ గారు అన్నారే, అచ్చం అదే. 2021 సెప్టెంబర్‌లో బైడెన్ మంత్రి డెబ్ హాలండ్ హెడ్డాఫీసును మళ్లీ వాషింగ్టన్‌కు తీసుకుపోయింది, గ్రాండ్ జంక్షన్‌కు పశ్చిమ ప్రధాన కార్యాలయం అనే బోర్డు మిగిలింది.

ఇంకా విచిత్రం ఏంటంటే, ఆ సంస్థలో నూటికి 97 మంది అప్పటికే పడమటి రాష్ట్రాల్లోనే పనిచేస్తున్నారు. వాషింగ్టన్‌లో ఉన్న ఆ కొద్దిమంది పని ఏంటంటే కాంగ్రెస్‌తో మాట్లాడటం, బడ్జెట్ తెచ్చుకోవడం, మిగతా శాఖలతో కలిసి పనిచేయడం. అంటే రాజధానిలో ఉండాల్సినవాళ్లను తెచ్చి, రాజధానికి నేరుగా విమానం కూడా లేని ఊళ్లో పెట్టారు.

అదే 2019లో వ్యవసాయ శాఖలో రెండు పరిశోధన సంస్థలను వాషింగ్టన్ నుంచి కాన్సస్ సిటీకి మార్చారు. జూన్‌లో మంత్రి సోనీ పెర్డ్యూ చెప్పడానికి వస్తే ఉద్యోగులు లేచి నిలబడి ఆయనకు వీపు చూపించారు. వస్తారా రారా తేల్చుకోమని జులై మధ్య వరకు టైమిచ్చారు. మూడింట రెండొంతుల మంది రామన్నారు. ఆ ఆగస్టులో వైట్‌హౌస్ తాత్కాలిక చీఫ్ ఆఫ్ స్టాఫ్ మిక్ మల్వేనీ ఒక పార్టీ సభలో మాట్లాడుతూ, ప్రభుత్వ ఉద్యోగిని తీసేయడం దాదాపు అసాధ్యం, ఇలా మారిస్తే వాళ్లే పోతున్నారు, ఇది భలే పద్ధతి అన్న అర్థంలో బయటికే అనేశాడు. తర్వాత ఆడిటర్లు లెక్క తీస్తే, రెండేళ్లకు సిబ్బంది సంఖ్య మళ్లీ నిండింది గానీ ఎక్కువమంది కొత్తవాళ్లే, పరిశోధన నివేదికలు తగ్గిపోయాయి.

కాబట్టి నా సలహా, ఏ ఊరు అని కొట్టుకోవడానికి ముందు రెండు అడగండి. ఎంతమంది కదులుతున్నారు, ఏ అధికారం కదులుతోంది? రెండోదానికి జవాబు సున్నా అయితే మొదటిదాని కోసం జనాల్ని ఇబ్బంది పెట్టకండి.

కొండారెడ్డి బురుజు:

డెన్వర్ అన్నా, బాగా చెప్పారు గానీ అక్కడ ఉద్యోగుల్ని వదిలించుకోవాలనే ఉద్దేశం ఉంది, ఇక్కడ అది లేదు కదా. ఇక్కడ చట్టంలో రాసినదాన్ని అమలు చేయమంటున్నాం. ముగ్గురే వచ్చారని ఊరినంటే ఎలా, ఆ ఊరి తప్పేముంది?

ఇంకోటి, ప్రతిదానికీ "ఉద్యోగులు రారు" అంటే ఏ ఆఫీసూ ఏ చిన్న ఊరికీ రాదు. పొగాకు బోర్డు 1976లో పుట్టినప్పటి నుంచి గుంటూరులోనే ఉంది, ఢిల్లీలో లేదే? పసుపు బోర్డు హెడ్డాఫీసు 2025లో నిజామాబాద్‌లో తెరిచారు. పంట ఎక్కడో బోర్డు అక్కడ.

రిటైర్డ్ ఈఈ, ఎన్‌ఎస్‌పీ:

మంచి ఉదాహరణలే. కానీ గమనించండి, రెండూ అక్కడే పుట్టినవి, తరలించినవి కావు. పుట్టిన ఊళ్లో ఉద్యోగి మొదటి రోజు నుంచే ఆ ఊరికి సిద్ధపడి చేరతాడు. తరలింపులో కష్టమంతా ఉన్న మనిషిని పెకిలించడంలోనే.

అలాగని పక్కనే ఉండాలనీ లేదు. సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ఎక్కడుంది? హైదరాబాద్ ప్రగతినగర్‌లో. సముద్రం పేరుకైనా కనపడదు. మత్స్యకారులకు చేపలు ఏ వైపున్నాయో అక్కడి నుంచే చెబుతున్నారు, 2007 నుంచి సునామీ కేంద్రం కూడా అక్కడే నడుస్తోంది. వాళ్లకు కావాల్సింది ఉపగ్రహం, సముద్రంలో తేలే బోయలు, కంప్యూటర్లు. బోర్డుకు కావాల్సింది టెలిమెట్రీ, గేట్ల మీద అధికారం. అయితే చేపల బోర్డు కూడా హైదరాబాద్‌లోనే, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారం బిల్డింగ్‌లో ఉంది, దాన్ని ఆంధ్రకు ఇవ్వాలంటే మాత్రం నేనూ చెయ్యెత్తుతాను, భీమవరం చెరువుల రైతుకు ఆ ఆఫీసుతో రోజూ పని ఉంటుంది.

పాలమూరు పోరడు:

మా దిక్కు నుంచి కూడా ఒక మాట వినుండ్రి. చట్టంలో ఆంధ్రలో ఉండాలని ఉంది, తీస్కపోండి, మాకేం అభ్యంతరం లేదు. రేవంత్ రెడ్డి కూడా ఒప్పుకున్నడు. మీరు ఆఫీసు అంటున్నరు, మేం 299 టీఎంసీలు చాలవంటున్నం. కృష్ణా మా జిల్లా నుంచి పారుతది, మా ఊరోళ్లు ముంబైకి వలస పోతరు. ఆఫీసు బెజవాడల ఉంటే ఏంది, కర్నూల్ల ఉంటే ఏంది, బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ వాటా తేల్చాలె, అది 2004ల పెట్టింది, ఇంకా నడుస్తనే ఉంది. మా ఊళ్ల అప్పుడు పుట్టిన పిలగాండ్లు ఇప్పుడు ఓటేస్తున్నరు.

ఒక్క షరతు మాత్రం. ఆఫీసు పోయినంక మీటింగ్ అన్ని సార్లు అక్కడికే రమ్మంటే కుదరదు. ఒకసారి అటు, ఒకసారి ఇటు పెట్టుండ్రి. టెలిమెట్రీ గురించి ఈఈ సార్ చెప్పింది మాత్రం వంద శాతం కరెక్ట్, పోతిరెడ్డిపాడు కాడ ముందు పెట్టాలె.

కొండారెడ్డి బురుజు:

పెట్టండి సామీ, మీ కల్వకుర్తి ఎత్తిపోతల పంపుల కాడ కూడా పెట్టండి, మేం వద్దన్నామా?

దివిసీమ కుర్రోడు:

అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నకు ఫోన్ చేసి ఈఈ గారు రాసింది మొత్తం చదివి వినిపించా. పులిచింతల సంగతి రాగానే "నేను చెప్పలా" అన్నాడు. 200 కోట్ల డిపాజిట్ సంగతి ఆయనకు తెలియదు, అక్కడ బాగా కోపం వచ్చింది, రెండు ప్రభుత్వాల్నీ కలిపి తిట్టాడు. ఆఫీసు ఎక్కడైనా పెట్టుకోమన్నాడు, ఈ యాసంగికి అవనిగడ్డ కాలువకు ఎంత ఇస్తారో మాత్రం ఆ త్రిసభ్య కమిటీ కాగితం ఎక్కడ దొరుకుతుందో అడగమన్నాడు. ఆ రిలీజ్ ఆర్డర్లు మామూలు జనం చూడొచ్చా సార్?

రిటైర్డ్ ఈఈ, ఎన్‌ఎస్‌పీ:

చూడొచ్చు బాబూ. బోర్డుకు వెబ్‌సైట్ ఉంది, మీటింగ్ మినిట్స్ అందులో వెతకండి. దొరక్కపోతే ఆర్టీఐ వేయండి, పది రూపాయల పోస్టల్ ఆర్డర్ చాలు. కాకపోతే ఆ ఆర్డర్‌లో అవనిగడ్డ అని ఉండదు, సాగర్ కుడి కాలువకు ఇంత, ఎడమకు ఇంత, డెల్టాకు ఇంత అనే ఉంటుంది. డెల్టాకు వచ్చినదాంట్లో మీ కాలువకు ఎంతో తేల్చేది విజయవాడలోని ఇరిగేషన్ సర్కిల్ ఆఫీసు, అది ఎప్పటి నుంచో అక్కడే ఉంది. మీ నాన్నగారిని అక్కడికి వెళ్లమనండి, ఒంటరిగా కాదు, నీటి సంఘం వాళ్లను ఇద్దర్ని వెంటబెట్టుకుని.

వెలగపూడి బస్సు:

ఇది చదివేవాళ్లలో జలసౌధలో పనిచేసే ఆంధ్ర వాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క మాట. ఆర్డర్ వచ్చాక చూద్దాంలే అనుకోకండి. మాకు లోకల్ హోదా ఇచ్చిన ఆ గడువు విభజన నాటి నుంచి లెక్క, దాన్ని పదేళ్ల దాకా లాగారు. ఇప్పుడు కొత్తగా కదిలేవాళ్లకు ఏం వర్తిస్తుందో సంఘం ద్వారా రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి, నోటిమాట నమ్మొద్దు. తొమ్మిదో తరగతిలోపు పిల్లలుంటే ఎండాకాలం సెలవుల్లోనే మార్చేయండి, ఇంటర్ మధ్యలో ఉంటే ఆ రెండేళ్లు రైల్లో తిరగడమే మేలు. శుక్రవారం టికెట్ మాత్రం ముందే బుక్ చేసుకోండి, వెయిటింగ్ లిస్ట్ నమ్ముకుంటే ఏలూరు రోడ్డులో ప్రైవేట్ బస్సు వాళ్లు చెప్పిన రేటు ఇచ్చుకోవాల్సిందే.